గాలి కోసం కొన్న పెట్టె

నేను ఒక కంప్యూటర్ క్యాబినెట్‌ని. మీ బల్ల కింద కాలికి తగులుతూ ఉండే నల్లటి ఇనుప పెట్టె, అదే నేను. కంప్యూటర్ అని మీరు పిలిచే సామాను అంతా నా కడుపులో ఉంటుంది. దాన్ని మోయడం, దాని వేడిని బయటికి పంపడం నా పని.

నేను పుట్టిన షెడ్డు ఏ ఊళ్లో ఉందో నాకు తెలియదు. చల్లటి రేకుగా ఒక దిమ్మె మీద పడుకున్నాను. పైనుంచి నూరు టన్నుల బరువు దిగింది. నా ముఖంలో ఒక్క దెబ్బకు వేల చిల్లులు పడ్డాయి. ఆ జాలీలోంచే తర్వాత నేను లోకాన్ని చూశాను. అదే పూట పక్క యంత్రం ఒక పనివాడి రెండు వేళ్ల కొసలు కొరికేసింది. అతన్ని మోసుకుపోయారు, నెత్తురు తుడిచారు, పావుగంటలో మళ్లీ మీట నొక్కారు. నాకు నల్లరంగు వేసేసరికి ఎక్కడా మరక కనిపించలేదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒక దుకాణానికి చేరాను. ఓనరు నయీముద్దీన్ ముందువరసలో అద్దాల క్యాబినెట్లు పెట్టి, వాటిలో రంగురంగుల దీపాలు వెలిగించేవాడు. నేను వెనకవరసలో, చీపురు పక్కన ఉండేదాన్ని. వచ్చినవాళ్లంతా మెరిసేవాటినే కొనుక్కుపోయేవారు. ఇంటికెళ్లాక వాటిని బల్ల కింద దాచిపెట్టేవారట.

ఏప్రిల్‌లో ఒక పగటిపూట స్వరూప వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. జగిత్యాల వైపు ఒక చిన్న పట్టణంలో ఆమెకు, ఆమె భర్త భూమేశ్‌కు పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. అతను తీస్తాడు, ఆమె ఎడిటింగ్ చేస్తుంది.

"ఇది చూడు మేడమ్, ముందర అంతా అద్దం, లోపల మూడు ఫ్యాన్లు. పెండ్లి మండపం లెక్క మెరుస్తది," అన్నాడు నయీముద్దీన్.

"మెరిస్తే ఏం జేస్కోవాలె అన్నా? మూడు ఫ్యాన్లు పెట్టిన్రు, వాటి ముందర అద్దం బిగించిన్రు. గాలి ఏడికెళ్లి గుంజాలె?"

"పక్కలకు సందున్నది గదా."

ఆమె ఆ సందులో వేలు పెట్టి చూసింది. "నా చిటికెన వేలు పోతలేదు. మాది రేకుల గది. మే నెలల లోపల కూసుంటే మనిషే ఉడికిపోతడు. ఉన్న కంప్యూటరు ఆరు గంటలు నడిచి, ఇగ అయిపాయె అన్నప్పుడు వేడికి బందైపోతది. మల్ల మొదటినుంచి."

ఒక్కొక్కదాన్నీ దింపించింది. ముందు అరచేయి ఆనించి చూసింది, పైన ఫ్యాన్లకు చోటుందో లేదో చూసింది, రెండు పక్కల మూతలూ విప్పించింది. చివరికి నా వంతు వచ్చింది. నా జాలీకి నోరు దగ్గరగా పెట్టి ఊదింది. ఊపిరి లోపలికి వచ్చేసింది. మదర్‌బోర్డు బిగించే పలకకూ నా వెనక మూతకూ మధ్య ఉన్న ఖాళీలో వేళ్లు పెట్టి కొలిచింది.

"రెండు వేళ్లు పడుతున్నయి. వైర్లన్నీ ఈ వెనకకెళ్లి పోతయి. ముందర గాలికి ఒక్కటి గూడ అడ్డం రాదు. ఇదియ్యి అన్నా."

"గంట చూసినవ్ మేడమ్. సంబంధం చూసినట్టు చూసినవ్," అని నయీముద్దీన్ నవ్వాడు.

ఇంటికి తెచ్చాక నన్ను బిగించడానికి ఒక రోజంతా పట్టింది. ప్రతి తీగనూ దగ్గరి రంధ్రంలోంచి వెనక్కి లాగి, వంపులు సరిచేసి, పట్టీలతో కట్టింది. పెద్ద హార్డ్ డిస్కు ముందువైపు కింద అరలో పెట్టింది. పాత పెళ్లిళ్లన్నీ దాంట్లో. అరచేతిలో సగం ఉండే చిన్న డిస్కు ఒకటి నా వెనక, తీగల కట్టల మధ్య బిగించింది. కొత్తగా తీసుకొచ్చిన దృశ్యాలన్నీ దాంట్లోకే వెళ్లేవి.

భూమేశ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "మూత పెట్టినంక గా వైర్లను ఎవ్వరు చూస్తరే?"

"గాలి చూస్తది," అంది స్వరూప.

ఆ మే నెలంతా నేను ఒక్కసారీ ఆగలేదు.

మే చివర్లో పెద్ద పెళ్లి ఒకటి వచ్చింది. పెళ్లికొడుకు పినతండ్రి కొడుకు ప్రభంజన్ అన్నీ తానై నడిపించాడు. ముప్పై ఏళ్లవాడు, కంకర లారీలున్నవాడు, ఊళ్లో అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చే మనిషి. ఆడపెళ్లివాళ్లు ఎదురెళ్లి మగపెళ్లివాళ్లను తీసుకొచ్చే ఎదుర్కోలు పొద్దున పదిన్నరకు మొదలై ఒంటిగంట దాకా నడిచింది. భూమేశ్ సాయంత్రం ఇంటికొచ్చి, కెమెరా కార్డులు నాకు తగిలించి, లోపలున్నదంతా చిన్న డిస్కులోకి ఎక్కించాడు. రోజూ చేసే పనే కాబట్టి చేతులు వాటంతటవే చేశాయి. అన్నం తినకుండా పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ప్రభంజన్ మనుషులు వచ్చి ఆ కార్డులు పట్టుకుపోయారు. అప్పటికే నా దగ్గర నకలు ఉందని భూమేశ్ వాళ్లకు చెప్పలేదు. భార్యకూ చెప్పలేదు.

మూడోరోజు స్వరూప ఆ దృశ్యాలు తెరిచింది.

నడినెత్తిన ఎండ. బ్యాండువాళ్లు ఎర్ర కోట్లు వేసుకుని వాయిస్తున్నారు. ముందు నిలబడి ట్రంపెట్ ఊదుతున్నవాడు పోశెట్టి, నలభై దాటినవాడు. ఉన్నట్టుండి ట్రంపెట్ దించాడు. ప్రభంజన్ అతని మీదికి వచ్చాడు.

"ఎందుకాపినవ్ రా?"

"రెండు నిమిషాలు సార్. నీళ్లు తాగి, జర ఊపిరి తీస్కుంట."

ప్రభంజన్ ఆ ట్రంపెట్ లాక్కుని దాంతోనే అతని నోటిమీద కొట్టాడు. ఇత్తడి వచ్చి పళ్లకు తగిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. పోశెట్టి మోకాళ్ల మీద కూలాడు. రెండో దెబ్బ చెవి మీద, మూడోది తల వెనక. తర్వాత బూటుకాలు. పక్కటెముకల్లో తన్నాడు, డొక్కలో తన్నాడు, పడుకుని చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద తన్నాడు. ఎవరో నవ్వారు. ఎవరో "చాలు తియ్ అన్నా, ముహూర్తమైతుంది" అన్నారు. డోలు ఆపమని తమకెవరూ చెప్పలేదని కాబోలు, వెనకవాళ్లు కొంతసేపు వాయిస్తూనే ఉన్నారు. ఒక నిమిషం నలభై సెకన్లు. చివరి పదకొండు సెకన్లలో భూమేశ్ చెప్పులు మాత్రమే కనిపించాయి. కెమెరా కిందికి దిగిపోయింది.

స్వరూప ఆపింది. మళ్లీ మొదటినుంచి చూసింది. 

పోశెట్టి పెళ్లిరోజే చనిపోయాడు. వడదెబ్బకు పోయాడని ఊరంతా చెప్పింది. అదే సాయంత్రం పాతిపెట్టేశారు.

అయిదోరోజు అతని భార్య గంగామణి స్టూడియో మెట్లెక్కి వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. వేళ్ల కొసలు పసుపుపచ్చగా ఉన్నాయి. గోడకు పెట్టుకోవడానికి మొగుడి ఫోటో ఒక్కటీ లేదట, ఆ రోజు పెళ్లి వీడియోలో మంచిగా పడితే తీసి ఇమ్మంది. అతను నవ్వుతూ ట్రంపెట్ పైకెత్తిన దృశ్యం ఒకటుంది. స్వరూప అది తీసి కాగితం మీద అచ్చువేసి ఇచ్చింది. గంగామణి దాన్ని కొంగులో చుట్టుకుంది.

"ఒక్క మాట అడుగుత అక్కా. నేను ఆయనకు స్నానం పోసిన. ముందటి పండ్లు నాలుగు లెవ్వు. వడదెబ్బకు పండ్లు ఇరుగుతయా?"

భూమేశ్ కిటికీ వైపు తిరిగాడు. స్వరూప కుర్చీలోంచి లేచింది, మళ్లీ కూర్చుంది.

"ఇరగయి గంగామణీ," అంది. "ఎవరు ఇరగ్గొట్టిన్రో నా దగ్గర ఉన్నది."

ఆమెకు ఆ దృశ్యం చూపించలేదు. జరిగింది చెప్పింది. గంగామణి ఏడవలేదు. "ఊపిరి తీస్కుంటా అన్నడు, గంతేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఆమె వెళ్లాక మొగుడూ పెళ్లాలు అరుచుకున్నారు.

"తీసెయ్యి. ఇయ్యాల్నే తీసెయ్యి," అన్నాడు భూమేశ్. "వాళ్లు మనల్ని బతకనియ్యరు."

"నువ్వక్కడ నిలవడి చూసినవ్."

"నేనొక్కన్నే చూసిన్నా? మూడువందల మంది చూసిన్రు!"

"వాళ్ల చేతుల కెమెరా లేదు."

అతను నా మీద చేయి వేశాడు, పడదోసేవాడిలా. దోయలేదు. దాన్ని పోలీసులకు ఇచ్చేముందు మూడు రోజులు గడువడిగాడు, తమ పిల్లల్ని వాళ్ల మేనమామ ఇంటికి పంపేదాకా. స్వరూప సరే అంది. ఆ మూడు రోజుల్లోనే గంగామణి దుఃఖం పట్టలేక ప్రభంజన్ గేటు ముందు నిలబడి, "నీ పాపం కంప్యూటర్ల ఉన్నది" అని మట్టి ఎత్తిపోసింది.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి ముగ్గురు వచ్చారు. ముందు ప్రభంజన్, చేతిలో ఇనపరాడ్డు.

మొదటి దెబ్బ తెరకు తగిలింది. రెండోది నాకు. పక్కమూత సొట్టపడి ఊడిపోయింది, పగిలిన తెర అద్దం ముక్కలు లోపలికి కురిశాయి. మూడో దెబ్బకు ఒక ఫ్యాను రెక్కలు ఎగిరిపోయాయి. మిగిలినవి అద్దం పొడిని నములుతూ కాసేపు తిరిగి ఆగిపోయాయి. ఒకడు స్వరూప జుట్టు పట్టుకుని ఆమె ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. ఆమె పెదవి చిట్లి నెత్తురు నా పైజాలీ మీద పడి, చిల్లుల్లోంచి లోపలికి కారింది. ఆమె వాడి చేతిని ఎముక తగిలేదాకా కొరికింది.

"ఏడున్నది? చెప్పు, ఏడ పెట్టినవ్?"

"చెప్పను."

ప్రభంజన్ భూమేశ్ వైపు తిరిగాడు. మోచేయి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు, ఆ తర్వాత భూమేశ్ కేక. ఇంకోసారి అదే చోట కొట్టాడు. అప్పటిదాకా ఆ దృశ్యాన్ని తీసెయ్యమని బతిమాలినవాడు భూమేశే. నేను అనుకున్నాను, అయిపోయింది, చెప్పేస్తాడు అని.

"గదే... కింద అరల... పెద్దది," అన్నాడు, వేలాడుతున్న చేయిని రెండో చేత్తో పట్టుకుని. "అంత దాంట్లనే ఉన్నది. దండం పెడత, తీస్కపోన్రి."

వాళ్లు నా కడుపులో చేయిపెట్టి పెద్ద డిస్కును తీగలతో సహా పీకారు. నేలమీద పెట్టి రాడ్డుతో తునకలు చేశారు. అయినా కసి తీరక నన్ను ఎత్తి మెట్ల మీదినుంచి విసిరేశారు. పద్నాలుగు మెట్లు. ప్రతి మెట్టూ ఒక దెబ్బ. కింద సిమెంటు మీద పడేసరికి నా మూల ఒకటి లోపలికి మడుచుకుపోయింది. బైకులు నా పక్కనుంచే వెళ్లిపోయాయి. వెనక మూత వంకరపోయింది కానీ ఊడలేదు.

స్వరూప నెత్తురు మింగుతూ కిందికి వచ్చింది. భూమేశ్‌ను వీధివాళ్లు ఆటోలో ఎక్కిస్తున్నారు. "ఎనకది," అన్నాడతను, అంతే. ఆమె స్క్రూడ్రైవరుతో నా వెనక మూతను పెకలించింది. చిన్న డిస్కు కట్టినచోట కట్టినట్టే ఉంది. పట్టీ కోసి, దాన్ని జాకెట్లో దోపుకుని అదే ఆటో ఎక్కింది. భర్తను ఆసుపత్రిలో చేర్చి, గంగామణిని వెంటబెట్టుకుని నేరుగా జిల్లా పోలీసు అధికారి దగ్గరికి వెళ్లింది.

తహసీల్దారు ముందు పోశెట్టిని తవ్వి తీశారు. పుర్రె వెనక పగిలి ఉంది, పక్కటెముకలు అయిదు విరిగి ఉన్నాయి. ప్రభంజన్‌ను పట్టుకున్నారు. నన్నూ, నా తునకలనూ గోనెసంచిలో కట్టి, సంచి మూతికి చీటీ తగిలించి, కోర్టు సామాన్ల గదిలో పెట్టారు. నాకు ఒకపక్క గొడ్డలి, ఇంకోపక్క కాలిన చీర. మాలో ఎవరమూ సాక్ష్యం చెప్పడం కోసం తయారైనవాళ్లం కాము.

విచారణ రోజుల్లో నన్ను బయటికి తీసి బల్లమీద పెట్టేవారు. దృశ్యం కల్పించినదని ప్రభంజన్ వకీలు వాదించాడు. భూమేశ్ బోనులో నిలబడ్డాడు, కుడిచేయి మడత పడకుండా.

"డిస్కు ఫలానాది అని వాళ్లకు అబద్ధం చెప్పావు. అంటే నువ్వు అబద్ధాలు చెప్పే మనిషివి, అవునా?"

"చెప్పిన సార్. దానికి ముందు తొమ్మిది రోజులు నోరు మూసుకున్న. గా తొమ్మిది రోజులకు ఏ శిక్ష ఏసినా పడత."

వకీలు కాగితాలు సర్దుకున్నాడు.

ప్రభంజన్‌కు పదేళ్లు పడ్డాయి. పైకోర్టుకు వెళ్లాడు, అక్కడా అదే నిలిచింది. ఇదంతా జరగడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో ఊళ్లోవాళ్లు స్వరూపను పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. వాళ్లు కోరుట్లకు మారి, బడిపిల్లల ఫోటోలతో మొదలుపెట్టారు. భూమేశ్ కెమెరా ఎత్తలేడు. ఇప్పుడు తీసేది ఆమె, ఎడమచేత్తో ఎడిటింగ్ చేసేది అతను.

కేసు ముగిశాక సామాను తీసుకెళ్లమని కోర్టు నుంచి కబురు వెళ్లింది. మొన్న ఒక పూట స్వరూప వచ్చింది. పక్కన గంగామణి. స్వరూప పెదవి మీద సన్నటి గీత మిగిలింది. నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖం మీది దుమ్మును కొంగుతో దులిపింది, అలవాటుకొద్దీ.

"ఇగ ఇది నిలవడదు సార్. పాత ఇనుముల ఏసెయ్యున్రి," అని సంతకం పెట్టింది.

నాకు బాధ కలగలేదు. ఆమె చెప్పింది నిజమే.

సంతకమయ్యాక ఇద్దరూ గుమ్మంలో కాసేపు ఆగారు. గంగామణి పెద్దబిడ్డ పెళ్లి కుదిరింది. వచ్చే నెలలోనే. వీడియో స్వరూపే తీయాలట.  స్వరూప అడిగింది.

"ఎదుర్కోలుకు బ్యాండు... వద్దందామా?"



"ఎందుకొద్దు అక్కా? పెట్టుడే," అంది గంగామణి. "షామియాన కింద నీడకు నిలవెడుత. నీళ్ల క్యాను పక్కకే పెడుత. వాళ్లు ఎప్పుడు ఆపుతమంటే అప్పుడే ఆపుదాం."