వెనక చక్రాలకు రెండు డ్రమ్ములు

ఫోను కింద పెట్టి ఖతీజాబీ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "దొరికినాయంట భవానీ. రెండూ దొరికినాయంట."

నేను పిండి చేతులతోనే ఆమెను పట్టుకుని గిర్రున తిప్పేశాను. ఆమె నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. షార్జాలోని రోలా పేటలో మేం అద్దెకుంటున్న గది ఆమె ఇంట్లోదే. "వదులు తల్లీ, కండ్లు తిరుగుతాండాయి" అంటూ తనూ నవ్వింది.

దొరికినవి బ్రేకు డ్రమ్ములు. వాటికోసం ఇంత సంబరమా అంటే, మాకు పెళ్లయి మూడు నెలలే. మా ఆయన త్రిమూర్తులు దుబాయ్ దాటాక ఉండే జబల్ అలీ రేవు పనుల్లో స్టోర్‌కీపరు. కంపెనీ ఇచ్చే బస క్యాంపులో. అక్కడికి ఆడవాళ్లను రానివ్వరు. అందుకని రోజూ షార్జా నుంచి తన పాత జపాన్ కారులో గంటసేపు నడుపుకుంటూ వెళ్లి, మళ్లీ గంటసేపు నడుపుకుంటూ నా దగ్గరకు వచ్చేస్తారు. పది రోజుల కిందట ఆ కారు ఏటేటా జరిగే తనిఖీలో తప్పింది. వెనక చక్రాల డ్రమ్ములు బాగా అరిగిపోయి హ్యాండ్ బ్రేకు పట్టడం లేదు. రేపటిలోగా బాగుచేయించి చూపించకపోతే ముల్కియా, అంటే కారు తిరగడానికిచ్చే కాగితం, రద్దవుతుంది. కారు లేకపోతే క్యాంపుకు వచ్చెయ్యమని వాళ్ల ముదీర్, అంటే మేనేజరు, చెప్పేశాడు. అప్పుడిక ఇంటికి శుక్రవారం శుక్రవారమే రావాలి. వారానికి ఒక్కరోజు మొగుడు. ఆ మాట తలచుకుంటేనే నాకు అన్నం సయించడం లేదు.

కొత్త డ్రమ్ములు జపాన్ నుంచి రావాలంటే నెలన్నర పడుతుందన్నారు. ఖతీజాబీ భర్త మౌలా సాహెబ్ కార్ల మెకానిక్. కడప వైపు మనిషి. వారం రోజులుగా స్క్రాప్ యార్డులన్నీ తిరిగి, ఇవాళ ముందువైపు మాత్రమే నుజ్జయి, వెనక చక్రాలు బాగున్న అలాంటి కారునే ఒకదాన్ని పట్టుకున్నాడు.

ఒంటిగంటకు గ్యారేజీ మూసి ఆయన భోజనానికి వచ్చాడు. రెండు డ్రమ్ములనూ వంటింటి గుమ్మం దగ్గర పేపరు పరిచి పెట్టాడు. చూడడానికి బోర్లించిన ఇనప గిన్నెల్లా ఉన్నాయి. మట్టి, తుప్పు. తిని, "నాలుగింటికి లేపు" అని భార్యతో చెప్పి పడుకున్నాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఊరంతా అలా పడుకోవలసిందే.

నాకు నిద్రెక్కడిది? మా ఆయన్ని నా దగ్గరే ఉంచబోయే డ్రమ్ములు అంత మురికిగా ఉంటే చూడలేకపోయాను. సబ్బుపొడి వేసి పీచుతో తోమాను. నీళ్లు నల్లబడి, ఎర్రబడి, చివరికి తేటపడ్డాయి. లోపల ఇనుము వెండిలా బయటపడింది. కాకినాడలో కెమిస్ట్రీ చదివినదాన్ని. తడి ఇనుము ఊరికే వదిలేస్తే సాయంత్రానికి తుప్పు పడుతుందని నాకు తెలియదా? గుడ్డతో తుడిచి, సగం కోసిన ఉల్లిపాయను నువ్వులనూనెలో ముంచి, కొత్త పెనానికి రాసినట్టు లోపలంతా ఓపిగ్గా రాశాను. రెండింటికీ, రెండేసి సార్లు.

నాలుగింటికి మౌలా సాహెబ్ లేచి వచ్చి ఒక డ్రమ్ము ఎత్తాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"భవానమ్మా, దీంట్లో ఏం వండినావు?"

చెప్పాను. ఆయన గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. కోపమనుకుని నేను రెండో డ్రమ్మును నా వెనక్కి జరిపాను. ఖతీజాబీ వచ్చి, "నవ్వింది చాల్లే. నీ గ్యారేజీలో ఎవురన్నా ఇంత సుబ్బరంగా కడిగినారా ఎప్పుడన్నా?" అంది.

"కడిగింది శానా బాగుంది. ఆ నూనె ఉందే, అదే. బ్రేకంటే రాపిడి గదమ్మా. లోపలుండే ముక్కలు దీన్ని గట్టిగా ఒరుసుకుంటేనే చక్రం ఆగేది. నూనె పూస్తే ఇంక ఆగేదేముంది, నేరుగా ముదీర్ ఆఫీసులోకే పోతాది బండి."

నాకు ఏడుపొచ్చింది. "ఇంక పనికిరావా చాచా?"

"ఇనుమే గదా, తాగదు. ఆ ముక్కలకు అంటింటే ఖలాస్. నడువు, నువ్వే పూసినావు, నువ్వే తియ్యాల."

పికప్‌లో డ్రమ్ములు ఒళ్లో పెట్టుకుని గ్యారేజీకి వెళ్లాను. ఆయన పెట్రోలు పోసి ఇచ్చాడు. కడిగాను. న్యూస్‌పేపరు ముక్క లోపల అద్ది చూశాడు. కాగితం మీద నూనె మరక తేలింది. మళ్లీ కడిగాను. ఈసారి చిన్న మరక. గరుకు కాగితం చేతికిచ్చాడు. గుండ్రంగా, వదలకుండా రుద్దాను. గాజులు మోచేతి దాకా తోసుకుని రుద్దుతుండగానే మా ఆయన సగంరోజు సెలవు పెట్టి కారు తెచ్చారు. కథంతా విని నా పక్కన గొంతుకూర్చున్నారు.

"అట్టు పోసి చూశావా ఏంటి?"

"పోయుంటే మీకే పెట్టేదాన్ని. రుద్దండి ఆ రెండోది."

"చిత్తం" అని చొక్కా చేతులు మడిచారు.

అయిదో కాగితం ముక్క పొడిగా వచ్చింది. మౌలా సాహెబ్ దాన్ని వెలుతురుకేసి ఎత్తి చూసి, నా చేతిలో పెట్టి, చక్రాల దగ్గరికి వెళ్లాడు. పాత డ్రమ్ములు సుత్తి దెబ్బలకు గానీ ఊడలేదు. కొత్తవి, అంటే మేం తోమిన ఆ స్క్రాప్ డ్రమ్ములు, రెండు వైపులా సరిగ్గా కూర్చున్నాయి. చక్రం చేత్తో తిప్పుతూ చెవి ఒగ్గి విని, ఇంకొంచెం బిగించాడు.

షార్జాలో నేలంతా చదునే. హ్యాండ్ బ్రేకు పట్టిందో లేదో చూడాలంటే వాలు కావాలి. గ్యారేజీ వెనక లారీల సరుకు దించే సిమెంటు వాలు మీదికి కారు ఎక్కించి, మా ఆయన బ్రేకు లాగి, ఇంజను ఆపి దిగారు. కారు నిలబడింది. మౌలా సాహెబ్ పైనుంచి తోశాడు. కదల్లేదు. మా ఆయన కూడా చెయ్యి వేశారు. కదల్లేదు. నేనూ వెళ్లి భుజం ఆనించి, చెప్పులు జారేదాకా నెట్టాను. కదలనే లేదు. జీవితంలో నేను అంత ఇష్టంగా ఓడిపోయింది ఎప్పుడూ లేదు.

"చాలు, ఇంకా నెడితే సొట్ట పడ్తాది" అని మౌలా సాహెబ్ నమాజుకు చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఇద్దరం వాలు మీద, కారుకు చేరబడి నిలబడ్డాం. మా చేతులు నాలుగూ నల్లగా ఉన్నాయి. ఆయన నా బుగ్గ మీద మసి తుడవబోయి ఇంకాస్త పూశారు.

"రేపు ఏడింటికి తనిఖీ" అన్నారు. "కాగితం చేతికి రాగానే ముదీర్ దగ్గరికి వెళ్లి, నేను క్యాంపుకి రానండీ అని చెప్పేస్తాను. నువ్వు కూడా బయల్దేరు. ఎందుకు రావయ్యా అంటాడు కదా, అప్పుడు నిన్ను చూపించాలి."