సర్కారు వకీలుకి నోరొచ్చిన రోజు

హైకోర్టు స్టే చేత పట్టుకుని కామందు తిరుపతిరావు కిరాయి మనుషులు కోతకొచ్చిన జొన్నచేలో దిగారు. అడ్డుపడ్డ ఆశీర్వాదాన్ని గొడ్డును బాదినట్టు బాదారు. చిల్లకల్లు పక్కనున్న మా పేట జనం పరిగెత్తుకొచ్చేసరికి అతని ప్రాణం పోయింది. తాత నాటి నుంచి ఆ చేను కౌలుకి చేస్తున్న మనిషి!

హైదరాబాదు రాజధాని అయిన కొత్తలో సంగతి ఇది. కౌలుదారుని వెళ్లగొట్టకూడదని చట్టం వచ్చింది. అది రాజ్యాంగానికి విరుద్ధమని కామందు హైకోర్టుకెక్కాడు. మనమూ వకీలుని పెట్టుకుందామని కూలీల సంఘం ప్రేమదాసు చెవినిల్లు కట్టుకుని పోరాడు.

"సర్కారు కన్న చట్టం. కన్నోళ్లే కాసుకోరా?" అన్నారు మా పెద్దలు.

పైగా ఆదివారం ఆరాధనలో సర్కారు వకీలు గొంతు బాగుండాలని ప్రార్థన చేయించాం. మా వెర్రి తగలెయ్య! ఆ మహానుభావుడు జవాబు దాఖలు చెయ్యలేదు. జడ్జిగారు అడిగితే ప్రభుత్వం చెప్పేదేమీ లేదన్నాడట. దాంతో చట్టం మీద స్టే వచ్చేసింది. విద్యార్థులారా, మీ పౌరశాస్త్రం పుస్తకంలో ఈ పాఠం ఉండదు.

ఆశీర్వాదాన్ని పాతిపెట్టి అక్కడే కూర్చున్నాం.

"అప్పీలు ఏద్దాం" అన్నాడొక పెద్దాయన.

ఆశీర్వాదం పెళ్లాం పుల్లమ్మ లేచింది. "అప్పీలు తేలేలోపు పంట ఆడి గాదెలో ఉంటది. నా మొగుడు సచ్చింది ఈ చేను కోసం. ఒక్క కంకి కూడా ఆడికి పోనియ్యను."

మర్నాడు తిరుపతిరావు పోలీసుల్ని వెంటేసుకొచ్చాడు. పిట్టల్ని తోలే మంచెల మీద మా ఆడవాళ్లు వడిసెలలతో నిలబడ్డారు. చిన్నప్పటి నుంచి చిలకల్ని కొట్టిన చేతులు, గురి తప్పుతాయా? రాళ్లు వానలా పడ్డాయి. ఒకడి దవడ విరిగింది. తిరుపతిరావు కన్ను పోయింది. పోలీసులు తుపాకులు పేల్చారు. వాళ్లకి రాళ్లందిస్తున్న మా పేట రత్తయ్య మంచె మీంచి నెత్తురు కక్కుతూ పడ్డాడు, మళ్లీ లేవలేదు. పుల్లమ్మతో పాటు దొరికిన వాళ్లందర్నీ కొట్టుకుంటూ తీసుకుపోయారు.

నందిగామ కోర్టులో ఇంకో సర్కారు వకీలు లేచాడు. శాంతిభద్రతలన్నాడు, చట్టం పవిత్రమన్నాడు, పూటంతా దంచేశాడు. చెప్పుకునేది ఏమైనా ఉందా అని మేజిస్ట్రేటు పుల్లమ్మని అడిగాడు.

"ఈయన సర్కారు తరపునేనాండి? సర్కారు మూగదనుకున్నామండి. హైదరాబాదులో మా చట్టం పీక పిసుకుతుంటే ఈ నోరు ఏమైందండి?"

జనం ఘొల్లున నవ్వారు. మేజిస్ట్రేటు బల్ల గుద్దాడు. బెయిలు ఇవ్వలేదు.

బయట వ్యాను ఎక్కిస్తుంటే ప్రేమదాసు పోలీసుల్ని తోసుకుని దగ్గరికొచ్చాడు. "అక్కా, వత్సవాయి కూలీలు మన చేలో కొడవళ్లేశారు. పోలీసులు మళ్లీ వస్తారంటున్నారు. ఏం చెయ్యమంటావు?"

పుల్లమ్మ కమిలిన మొహాన్ని ఊచల దగ్గరికి తెచ్చింది.

"కోత ఆపమాకండి. ఈ వ్యాను నిండింది. ఇంకోటి తెచ్చుకోమను."

వ్యాను కదిలింది. కోర్టు ముందున్న జనమంతా చేలోకి బయల్దేరాం.