గోడ అడిగిన కొలత

యాంత్రా నది ఒడ్డున కొండవాలులో కడుతున్న హోటల్‌కి అడ్డుగోడ నిలవడం లేదు. పోసిన ప్రతిసారీ నెర్రెలిచ్చింది. ఈసారి ఖర్చు అంచనా దాటితే పని ఆపేసి అందరినీ ఇళ్లకు పంపేస్తానని యజమాని తెగేసి చెప్పాడు. ఖర్చులు చూసేది నెవెనా.

ఆమెకు దేవుడంటే కంప్యూటర్‌లో కట్టిన హోటల్ నమూనాయే. అందులో ప్రతి ఇనుప కడ్డీకీ చోటుంది, ధరుంది. ఏది కదిపినా మొత్తం లెక్క దానంతటదే మారుతుంది. నమూనాలో లేనిదంతా దండగ. పునాదిలో కోయడానికి ముసలి మేస్త్రీ స్తొయ్కో అడిగిన కోడిపుంజూ దండగే.

"పుంజు ఏ గదిలోకొస్తుంది బాబాయ్? పడగ్గదిలోకా?" అని నవ్వి లెక్కలోంచి కొట్టేసింది.

"నవ్వవే తల్లీ, నవ్వు. నువ్వివ్వకపోతే గోడే తీసుకుంటుంది. మా తాతలు దారినపోయేవాడి నీడని దారంతో కొలిచి, ఆ దారం గోడలో పెట్టేవాళ్లు. గోడ నిలిచేది, మనిషి పోయేవాడు."

మెట్ల దగ్గర తల తగులుతుందేమో చూడ్డానికి నమూనాలో ఒక మనిషి బొమ్మ కావలసొచ్చింది. ఆమె మొగుడు లుబెన్ తాడిచెట్టంత మనిషి. అతన్ని లేజరు యంత్రం ముందు నిలబెట్టి కొలత తీసింది. స్తొయ్కో మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు నమూనా హెచ్చరించింది, అడ్డుగోడలో ఏదో ఇరుక్కుందని. చూస్తే, మెట్ల మీదుండాల్సిన లుబెన్ బొమ్మ గోడ మధ్యలో నిలబడి ఉంది. బొమ్మకి ఖర్చేముంది, తర్వాత జరపొచ్చులే అనుకుని కాంక్రీటు పోయించేసింది.

గోడ నిలిచింది. వెంట్రుకంత నెర్రె కూడా లేదు. యజమాని సంతోషించి రకియా సారా సీసా పంపాడు.

ఆ ఆదివారం లుబెన్ పెరట్లో ద్రాక్షతీగ కత్తిరిస్తున్నాడు. నాలుగు రోజుల్లోనే మనిషి చిక్కి సగమయ్యాడు, ముద్ద దిగడం లేదంటున్నాడు. ఎండ బాగా కాస్తోంది. తీగ నీడ నేలమీదుంది. కత్తెర నీడ కదులుతోంది. కత్తెర పట్టుకున్న చేతికి మాత్రం నీడ లేదు.

"ఏంటే, దెయ్యాన్ని చూసినట్టు చూస్తావు?" అన్నాడు.

నెవెనా పరిగెత్తి వెళ్లి నమూనాలోంచి బొమ్మ తీసేసింది. మర్నాటికి మళ్లీ గోడలోనే ఉంది. ఇనుము వాళ్ల దగ్గర, కాంక్రీటు వాళ్ల దగ్గర, బ్యాంకులో, అందరి దగ్గరా నమూనాకి నకళ్లున్నాయి. ఒకచోట చెరిపితే ఇంకోచోటి నుంచి తిరిగొస్తోంది.

"గోడ పగలగొట్టిస్తా బాబాయ్. ఉద్యోగం పోతే పోనీ," అంది స్తొయ్కోకి జరిగింది చెప్పి.

"గోడ పోతే నకళ్లు పోతాయా? దారమైతే తవ్వి తగలబెట్టేవాళ్లం. దీన్నెక్కడని తగలబెడతాం?"

"తీసేస్తే తిరిగొస్తుంది గాని, అదే పేరు మీద ఇంకో కొలత ఎక్కిస్తే అన్ని నకళ్లలోనూ మారుతుంది. పుంజుది ఎక్కిద్దాం!"

"మనిషి రుచి మరిగిన గోడకి పుంజెందుకే తల్లీ?"

నెవెనా వెళ్లి లేజరు యంత్రం ముందు నిటారుగా నిలబడింది.

"నేను మీట నొక్కలేనే," అన్నాడు స్తొయ్కో, ఏడుపు గొంతుతో.

"నొక్కు బాబాయ్. పుంజుని లెక్కలోంచి కొట్టేసింది నేనే కదా."

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి లుబెన్ గుమ్మంలో ఉన్నాడు. అతని నీడ పొడుగ్గా సాగి వాకిట్లో పడింది. చూసి నెవెనాకు ప్రాణం లేచొచ్చింది.

"రావే, ఎన్నాళ్లకో ఆకలేస్తోంది! అక్కడే నిలబడిపోయావేం?"

"వస్తున్నా, నువ్వు లోపలికి పద," అంది నెవెనా, ఎండలోకి రాకుండా ప్రహరీ నీడలోనే ఒదిగి నిలబడి.