నిమ్మకాయ తొక్కిన పెట్టె

నేను ఒక కంప్యూటర్ పెట్టెను. పెట్టె అనగానే బజారులో వరుసగా పేర్చి ఉండే, అద్దం వెనక రంగురంగుల దీపాలు వెలిగే నాజూకు సరుకు అనుకోకండి. నా ఒంటి రేకు విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ క్యాబిన్‌కి వాడగా మిగిలింది. నా లోపలి పట్టాల మీద ఒకప్పుడు ఏదో కారులో డ్రైవరు సీటు ముందుకీ వెనక్కీ జరిగింది. నన్ను కదిలించే మోటారు ఎన్నో వానల్లో కారు అద్దం తుడిచిన వైపరుది. ఇంత పెద్ద వంశంలో పుట్టాను కాబట్టి నాకు కాస్త గర్వం ఉంది. దాన్ని దాచుకునే ఉద్దేశం కూడా లేదు.

నన్ను కట్టించుకున్న మనిషి ఎస్తేరు రాణి. కృష్ణలంకలో ఉంటుంది. పెళ్లి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు వేసి ఇవ్వడం ఆమె పని. మిక్సింగ్ అంటారు దాన్ని. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల ఆమె చక్రాల కుర్చీలోనే ఉంటుంది. వంగి నేల మీది వస్తువు అందుకోలేదు. కంప్యూటరేమో బల్ల కింద నేల మీదే ఉండేది. దుమ్ము పట్టినా, డిస్కు నిండినా, ఫ్యాను మూలిగినా తమ్ముడు సామేలు వచ్చి దాన్ని బయటికి లాగి, మంచం మీదికెత్తి, మరలు విప్పాలి. బల్ల మీదే పెట్టుకోవచ్చు కదా అని మీరంటారు. ఊళ్లో అందరూ అన్నారు. బల్ల మీద రెండు తెరలూ, కీబోర్డూ, ఆమె మోచేతులూ పోను ఇక జాగా లేదు. ఉన్నా మరలన్నీ గోడవైపే ఉంటాయి. సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కరూ ఆ కుర్చీలో కూర్చుని చూడలేదు.

అలా ఉండగా సామేలుకి విశాఖపట్నం ఓడరేవులో క్రేన్ నడిపే ఉద్యోగం వచ్చింది. ఆ పని కోసం వాడు రెండేళ్లు తిరిగాడు. తీరా వచ్చాక వెళ్లనన్నాడు.

"నేనెళ్లిపోతే నీ డబ్బా ఎవరు ఎత్తుతారక్కా? పెళ్లివాళ్లు ఊరుకుంటారా?"

"నా డబ్బా కోసం నువ్వు ఆగిపోతే, రేపట్నుంచి నీ మొహం చూసినప్పుడల్లా నాకదే గుర్తొస్తదిరా. ఆ బతుకు నాకొద్దు" అంది ఎస్తేరు.

మర్నాడే ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్లింది. అక్కడ మస్తాన్ వలీ అనే మేస్త్రి ముప్పై ఏళ్లుగా లారీలకు బాడీలు కడుతున్నాడు. ఆయన కూతురి పెళ్లి వీడియో ఈమే చేసింది కాబట్టి పరిచయం ఉంది. ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మీట నొక్కితే ముందు తలుపులు రెండూ విచ్చుకోవాలి. లోపలి పలక, దాని మీది సామాను మొత్తంతో సహా, బయటికి జరిగి ఆమె ఒడి ఎత్తుకి లేవాలి. మస్తాన్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది టిప్పర్ పనే తల్లీ. మట్టి బదులు కంప్యూటరు, అంతే" అన్నాడు.

అంత తేలిక కాలేదు. మొదటిసారి కట్టినప్పుడు పలక ఎస్తేరు గడ్డం దాకా లేచింది. లోపల ఏముందో ఆమెకు కనపడితే ఒట్టు. నిలబడి పనిచేసే మనిషి తన నడుమును కొలతగా పెట్టుకుంటే అంతే మరి. "ఒకసారి కూర్చుని చూడండి భాయ్" అంది. ఆయన రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. చూశాడు. లేచి, గ్యాసు వెలిగించి, అతికించినదంతా కోసేశాడు. నాకు నొప్పెట్టింది, నిజమే. అయినా తన తప్పు తనకు కనపడగానే కోసెయ్యగలిగిన మేస్త్రి చేతిలో పుట్టడం అదృష్టమే అనుకున్నాను.

పందొమ్మిది రోజులకు తయారయ్యాను. ఎస్తేరు కంప్యూటరు భాగాలన్నీ నాలోకి మార్చారు. ఆ రోజు శనివారం. సామేలు సోమవారంలోగా కంపెనీకి ఏదో ఒకటి చెప్పాలి. షెడ్డుకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇది ఆడితే వెళ్తా. ఆడకపోతే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దు" అన్నాడు.

ఎస్తేరు మీట మీద వేలు పెట్టింది. "ఆగమ్మా, ఆగు!" అంటూ మస్తాన్ పరుగున వెళ్లి రెండు నిమ్మకాయలు తెచ్చాడు. ఆయన షెడ్డు నుంచి ఏ బండీ నిమ్మకాయ తొక్కకుండా గేటు దాటలేదట. నాకు చక్రాలు లేవు కదా. కాసేపు ఆలోచించి, నా తలుపులు చేత్తో తీసి, పట్టాకొకటి చొప్పున పలక ముందు పెట్టి మళ్లీ మూశాడు. క్రైస్తవురాలి పెట్టెకి ముస్లిం మేస్త్రి దిష్టి నిమ్మకాయలు పెడుతుంటే ఆ షెడ్డులో ఒక్కరికీ వింత అనిపించలేదు. నాకైతే ఒళ్లు పొంగింది. లారీకి జరిగే మర్యాద నాకు జరుగుతోంది మరి.

తలుపులు విచ్చుకున్నాయి. పలక కదిలింది. కుడివైపు కాయ పచ్చడైంది. ఎడమవైపుది జారి పలకకీ రేకుకీ మధ్య ఇరుక్కుంది. పలక వంకరపోయింది. మోటారుకి ఆగడం తెలియదు, తోస్తూనే ఉంది. లోపల ఏదో పటుక్కుమంది. మోటారులోని నైలాన్ చక్రం పళ్లు రాలిపోయాయి.

సిగ్గుతో నా తలుపులు మూసుకుందామనుకున్నాను, మూతపడలేదు. "చూశావా అక్కా" అన్నాడు సామేలు. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"తప్పు నాదేనమ్మా. పది నిమిషాల్లో బాగుచేస్తా, కొంచెం జరుగు" అన్నాడు మస్తాన్.

ఎస్తేరు జరగలేదు. "చక్రం మీరు తెచ్చివ్వండి భాయ్. బిగించేది నేను. మా ఇంట్లో విరిగితే మీరుండరు కదా."

మోటారు ఆమె ఒడిలోకి వచ్చింది. విప్పడానికే గంట పట్టింది. చున్నీ అంతా గ్రీజు. కొత్త చక్రాన్ని మొదట తిరగేసి బిగించింది. చేత్తో తిప్పి చూసి, తప్పని గ్రహించి, మళ్లీ మొత్తం విప్పింది. మస్తాన్ చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచాడు. పని తెలిసినవాడికి ముట్టుకోకుండా ఉండడం కంటే కష్టం లేదు. సామేలు సాయానికి రెండుసార్లు ముందుకొచ్చాడు. మొదటిసారి ఎస్తేరు తలెత్తి చూసింది. రెండోసారి మస్తానే వాడి భుజం పట్టి ఆపాడు. నేను మాత్రం ఆమె వేళ్ల కింద బిర్రుగా బిగుసుకుంటూ, ఈసారి ఏది అడ్డొచ్చినా జరిగి తీరాలని పంతం పట్టాను.

సాయంత్రం నాలుగింటికి మీట నొక్కింది. తలుపులు తెరుచుకున్నాయి. పలక జరిగింది, లేచింది, ఆమె ఒడి దగ్గరికి వచ్చి ఆగింది. ఆమె నవ్వలేదు. మూసి మళ్లీ తెరిచింది. అలా ఏడుసార్లు చేసింది. ఏడోసారికి సామేలు కళ్లు తుడుచుకుని, "సోమవారం వస్తున్నానని చెప్తాను" అన్నాడు.

ఇది జరిగి నాలుగేళ్లు. నా ఎడమ తలుపు కాస్త కిర్రుమంటోంది. లోపలి సామాను ఇప్పటికి రెండుసార్లు మారింది, రెండుసార్లూ ఆమె చేతుల మీదుగానే. ఎన్ని వందల జంటలు నా కడుపులో తలంబ్రాలు పోసుకున్నాయో లెక్కలేదు. వీడియో చూసి మురిసిపోయేవాళ్లెవరికీ నేనున్నానని తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

మొన్న మాఘమాసం ముహూర్తాల నడుమ మిట్టమధ్యాహ్నం తెర నల్లబడింది. ఎస్తేరు మీట నొక్కింది. నేను వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. కాలిపోయిన ఫ్యాను తీసి, స్క్రూడ్రైవరు పళ్ల మధ్య పట్టుకుని కొత్తది అమరుస్తుండగా ఫోను మోగింది. సామేలు. వాడికి భోజనాల వేళ.

"అక్కా, డబ్బా ఎలా ఉంది? ఏమన్నా ఇబ్బందైతే చెప్పు, మనిషిని పంపుతా."

ఆమె స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి, తెరిచి ఉన్న నన్నొకసారి చూసింది.

"దానికేం, బాగానే ఉంది. నువ్వు అన్నం తిన్నావా?"