ఎడమ రిమ్ము

జాకీ మీద ట్రాక్టరు వెనక భాగం జానెడు లేవగానే మేస్త్రీ ఇరుసు కింద చెక్కదిమ్మలు తోసి, తుప్పు పట్టిన నట్ల మీద కిరోసిన్ పోశాడు. తోటల కంపెనీ కొన్న మొట్టమొదటి ట్రాక్టరు అది. ఇరవై ఆరేళ్లుగా వెనక షెడ్డులో మూలపడి ఉంది. ఇప్పుడు రంగులేసి ఆఫీసు ముందు నిలబెడతారట. వెనక చక్రాల ఎడం సరిచేసే పని అతనికి పడింది.

నట్లు నానేలోగా బండి నడుమ నుంచి ఒక్కో చక్రం దాకా టేపు పట్టి కొలిచాడు. కుడివైపు కంటే ఎడమవైపు మూడంగుళాలు తక్కువ. బోల్టులు రెండువైపులా ఒకే రంధ్రాల్లో ఉన్నాయి. తేడా రాకూడదు. మళ్లీ కొలిచాడు. అదే మూడంగుళాలు.

చక్రం దించి, వాల్వు రంధ్రం పక్కన వైర్ బ్రష్‌తో గీకాడు. అచ్చుకొట్టిన అంకెలు బయటపడ్డాయి. కుడి రిమ్ము అంకెలు వేరు. బోల్టులు పట్టే చెవులు దానికి నడిమధ్యన ఉంటే, దీనికి అంచు దగ్గర ఉన్నాయి. ఇది వేరే బండి రిమ్ము.

అంచు మీద సొట్ట తగిలి చెయ్యి ఆగిపోయింది. కాలవగట్టు మీద ఈ బండి ఎడమకు ఒరిగి పడినరోజు రాతికి కొట్టుకున్న సొట్ట. దాన్ని నడుపుతూ కింద పడి నలిగినవాడు అతని అన్న. గడ్డపారలు వేసి బండిని లేపినవాళ్లలో అతనూ ఉన్నాడు. డ్రైవరు తాగి ఉన్నాడని రాసి కంపెనీ చేతులు దులుపుకుంది.

"ఇంకా కాలేదా మేస్త్రీ?" అంటూ మేనేజరు వచ్చాడు.

"ఈ రిమ్ము దీనిది కాదండీ. ఏదో ఒకటి తెచ్చి బిగించేశారు. గట్టు మీద ఒరగక ఏం చేస్తుంది? మా అన్న తాగలేదండీ!"

"ఎప్పటి గోలయ్యా అది? రెండింటికీ ఒకే రంగు కొట్టేస్తే ఎవడు చూస్తాడు?"

మేస్త్రీ సొట్ట మీద చెయ్యి వేశాడు. "దాని కింద పడ్డవాడు చూశాడండీ."

"సాయంత్రానికి చక్రం ఎక్కాలి," అనేసి మేనేజరు వెళ్లిపోయాడు.

స్పానరు నేలకేసి కొట్టి, మేస్త్రీ తిన్నగా వదిన ఇంటికి నడిచాడు. ఆమె గుమ్మంలో కూర్చుని ఎవరివో చొక్కాలకు గుండీలు కుడుతోంది.

"వదినా, అన్న తప్పేం లేదు! రిమ్మే వేరు. అంకెలు చూశాను!"

ఆమె దారం పంటితో తెంపింది. "నాకు తెలుసు."

"ఎలా?"

"పొద్దున నా చేతి టీ తాగి వెళ్లాడు. గంటలో తాగుబోతయ్యాడా? ఆరోజు నువ్వేమన్నావు? 'కొంచెం వేసుకునుంటాడులే వదినా' అన్నావు. లోకం అంటే పోనీలే అనుకున్నా. సొంత తమ్ముడివి, నీక్కూడా అంకెలు కావాల్సొచ్చాయా?"

అతనికి దారి పొడుగునా మేనేజరు మీద నూరుకుంటూ వచ్చిన పళ్లు ఇప్పుడు ఎవరి మీద నూరుకోవాలో తెలియలేదు. ఆమె మరో గుండీ తీసుకుంది. కూర్చోమనలేదు.

షెడ్డుకు తిరిగొచ్చి అతను చక్రం ఎక్కించలేదు. ఒక కాగితం మీద రెండు రిమ్ముల అంకెలూ, మూడంగుళాల తేడా రాసి, కింద ఇలా చేర్చాడు: 'డ్రైవరు తాగలేదు. ఆనాడు నేనూ అడగలేదు.' దాన్ని మేనేజరు బల్ల మీద పెట్టి గేటు దాటాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. షెడ్డు గోడ మేకుకు అతని ఖాకీ చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులతో, అలాగే వేలాడుతోంది.