కొర్రమట్టకు మేకమాంసం

పోలీసు యాక్షన్ అయిన మూడేండ్లకు, ముత్యంరావు దొరను చూసి లేచే ప్రాణి గడిలో ఒక్కటే మిగిలింది. అది చేప.

ఒకప్పుడు ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీది జనం లేచేవారు, కాళ్ల చెప్పులు చేతుల్లోకి వచ్చేవి. ఇప్పుడు ఊరివాళ్ల నడుములకు ఏదో కొత్త జబ్బు పట్టుకుంది. లేవడం లేదు, కైకిలి పైసలు ఇవ్వందే వంగడమూ లేదు. అట్లాంటి పాడుకాలంలో, నుమాయిష్‌లో కొన్న అద్దాల తొట్టిలో రంగుచేపలన్నీ చచ్చాక, చెరువులోంచి తెచ్చి వేసిన కొర్రమట్ట మాత్రం దొర రాగానే సర్రున పైకి వచ్చి నోరు తెరిచేది. ఆ నోరు చూస్తే దొరకు కడుపు నిండేది.

దొర పెంపకం కనుక దానికి రోజూ మేకమాంసం. "గడిల ఉన్నది పురుగులు తింటదా?" అనేవాడు. ముక్కలు తానే కోసి తానే అందించేవాడు. కన్నకొడుక్కు ఒక్క ముద్ద పెట్టి ఎరగని చెయ్యి అది.

నెల తిరిగేసరికి చేప పొట్ట ఉబ్బింది. ఒకనాడు దొర వస్తే లేవలేదు, అడుగున ఒరిగి పడుకుంది. దీనికీ వెట్టి వద్దనే కొత్త చట్టం తెలిసిపోయిందా అని దొర గుండె జారింది.

రైతుల ఎద్దులు గాలికుంటుతో పడిపోయినప్పుడు కబురు అందని పశువుల డాక్టరు, చేప కోసం కరీంనగర్ నుంచి దిగాడు.

"ఇది వేటాడే చేపనే దొరా, మాంసమే తింటది. కానీ మేక కొవ్వు దీని కడుపుల కరుగది. కొన్నిరోజులు పస్తు పెట్టి, ఎర్రలు వెయ్యుండ్రి. లేకుంటే దక్కది."

"పులి తినే మేక దీనికి పనికిరాదా?"

"పులి చెరువుల ఉండది గద దొరా."

పస్తుతో పొట్ట తగ్గింది. ఇక డాక్టరు చెప్పిన ఎర్రలు, అంటే వానపాములు కావాలి. గడి ఊడ్చే ఐలవ్వను తవ్వుకు రమ్మన్నాడు.

"ఊడుస్తనని ఒప్పుకున్న దొరా. ఎర్రల ముచ్చట మాట్లాడుకోలే" అందామె.

పాత జీతగాడు గంగయ్యను అడిగితే, "నాట్లున్నయి దొరా" అని బీడీ ముట్టించాడు.

చివరికి దొరే గడ్డపార పట్టి గడి వెనక పెంటకుప్ప దగ్గరికి నడిచాడు. గోడ పక్కన సగం ఊరు పోగైంది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే తిట్టేవాడు, ఆ సుఖం కూడా దక్కలేదు.

"గట్ల దొరకయి దొరా, జర వంగాలె" అన్నాడు గంగయ్య.

దొర వంగాడు.

వానపాముల గిన్నె తొట్టి పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. తిరిగి వచ్చేసరికి ఐలవ్వ తొట్టి మీదికి వంగి ఒకటి వేస్తోంది. కొర్రమట్ట సర్రున లేచి, అంతే పెద్దగా నోరు తెరిచింది.

"లేచింది దొరా. ఇగ ఫికర్ లేదు" అంది ఐలవ్వ సంతోషంగా.

చేప బతికినందుకు దొర సంతోషించాలి. కానీ గిన్నె తన వైపు లాక్కున్నాడు. ఆ చేపకు దొర ఎవరో ఏనాడూ తెలియదు, తిండి వేసే చెయ్యి తెలుసు, అంతే.

మరునాడు తొలికోడి కూయకముందే ముత్యంరావు దొర గడ్డపార భుజాన వేసుకుని బయలుదేరాడు, ఐలవ్వ వచ్చేలోపు చేపకు తానే పెట్టాలని. దారిలో గంగయ్య అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. లేవలేదు. దొరే ఆగి, ఎర్రలు ఎక్కువ ఎక్కడ దొరుకుతాయి గంగయ్యా అని అడిగాడు.