లేని మేనమామ

మా ఆవిడ ఈశ్వరికి దేవుడి గదిలో ఎంతమంది దేవుళ్ళున్నారో లెక్క తెలియదు గానీ, వంటింట్లో మాత్రం ఒక్కడే. వాడి పేరు ధర్మేంద్ర. పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి గిన్నెలు బోర్లించేదాకా ఫోన్లో వాడి పాటే. పాలకొండ వైపు పల్లెటూరి కుర్రాడు. పొలం గట్టు మీద కూచుని మనవైపు పాటలు పాడి ఫోన్లో పెట్టేవాడట. ఆ పాటలే వాణ్ణి హైదరాబాదు తీసుకుపోయాయి. ఇప్పుడు సినిమాలకి పాడుతున్నాడు. వాడి ఇల్లు టీవీలో చూపించారు, ఇంటి లోపలే రెండు వైపులా మెట్లున్నాయి. వాడి కారు మా రాజాం సందుల్లో మళ్ళదు.

నేను నాలుగెకరాలు వరి చేసుకునేవాణ్ణి. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. పాట వింటే చాలు, ఆవిణ్ణి ఏదో ఒకటి అనకుండా ఉండలేను. చారులో ఉప్పెక్కువైనా ధర్మేంద్రదే తప్పు, పాలు పొంగినా వాడిదే తప్పు.

కిందటేడు రాజాం కాలేజీ గ్రౌండులో వాడి ప్రోగ్రాం పెట్టారు. ఈశ్వరి పోరు పడలేక తీసుకెళ్ళాను. పాట మధ్యలో వాడు స్టేజీ దిగి, ఆడవాళ్ళ వైపు కట్టిన వెదుళ్ళ దగ్గరికొచ్చి మైకు చాపాడు. ఎవరూ నోరు విప్పలేదు. మా ఈశ్వరి అందుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ అంత గట్టిగా పాడగా నేను వినలేదు. వాడు పాట ఆపించి, ఏ ఊరు, పిల్లలెంతమంది అని అడిగాడు. ఒక్కతే కూతురు, సంబంధాలు చూస్తున్నాం అందీవిడ.

“అయితే మేనమావ దొరికీసినాడప్పా. నీ కూతురి పెళ్ళి గంప నాదే,” అన్నాడు.

జనం ఒకటే ఈలలు. ఇంటికెళ్ళేసరికి అందరూ మరిచిపోయుంటారు. ఈశ్వరి మరిచిపోలేదు. మావైపు అప్పంటే అక్క, అలా వరస కలిపితే అది ఊరికే పోదు. అప్పా అని నోరారా పిలిచినవాడు ఆ అప్ప కూతురి పెళ్ళిలో నిలబడాలి. పెళ్ళికూతుర్ని గంపలో కూచోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మేనమామే. ఆ మాట అంతమందిలో అన్నాడంటే వస్తాడని ఆవిడ నమ్మకం.

విజయనగరం సంబంధం కుదిరింది. ధర్మేంద్ర అరసవల్లి దర్శనానికి వస్తున్నాడని ఎక్కడో విని, ఈశ్వరి శుభలేఖకి పసుపు రాసి పట్టుకెళ్ళి, వాడి వెంట ఉన్నవాళ్ళలో ఎవరి చేతిలోనో పెట్టి వచ్చింది. నేను చెడామడా తిట్టాను. వాడు రోజుకి వెయ్యిమందిని అప్పా అంటాడే, ఆ వెయ్యి ఇళ్ళల్లోనూ గంపలు మొయ్యాలంటే వాడికి నడుమనేది మిగలాలా వద్దా అని అడిగాను. ఆవిడ నవ్వేసి ఊరుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈశ్వరికి తోడబుట్టినవాళ్ళు లేరు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే నౌపడలో చిన్నాన్న, చిన్నమ్మల దగ్గర పెరిగింది. ఆ చిన్నమ్మ పేరు దేముడమ్మ. ఆవిడ కొడుకు గంగులు, అక్కడే ఉప్పు మడుల్లో పని చేస్తాడు. ఒక కంచంలో తిని పెరిగిన అక్కాతమ్ముళ్ళు. మా అమ్మాయి రేఖకి పుట్టువెంట్రుకలు తీసినప్పుడు ఒళ్ళో కూచోబెట్టుకున్నది గంగులు. పెద్దమనిషైనప్పుడు చీర తెచ్చిందీ గంగులే. పెళ్ళికని టెక్కలిలో మేదరివాళ్ళ దగ్గర కూచుని, దగ్గరుండి పెద్ద గంప అల్లించుకుని, దానికి పసుపు రాసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. కండక్టరు లగేజీ టికెట్టు తీసుకోమంటే, ఇది లగేజీ కాదు మా మేనకోడలు కూచునే గంప అని పోట్లాడాడట. యిన్నావా బావా అంటూ నాతో మొదలుపెట్టి అందరికీ చెప్పి నవ్వించాడు.

పగటి ముహూర్తం. రాజాంలోనే కల్యాణమండపం. లోపలి గదిలో రేఖ గౌరీపూజ చేస్తోంది, ఈశ్వరి పక్కన ఉంది. గది గుమ్మం దగ్గర గంగులు కొత్త పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, గంప పట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళికూతుర్ని తీసుకురమ్మని పురోహితుడు కేక వెయ్యడమే తరువాయి.

అప్పుడు గేటు దగ్గర గోల మొదలైంది. కుర్చీలు దబదబా పడ్డాయి. వంటవాళ్ళు గరిటెలతో సహా బయటికి పరిగెత్తారు. ధర్మేంద్ర వచ్చాడు.

వాణ్ణి నానా మాటలూ అన్న నేనే అందరికంటే ముందు పరిగెత్తాను. నా కాళ్ళు నా మాట వినలేదు. పెళ్ళికూతురి తండ్రినని చెప్పగానే వాడు నా రెండు చేతులూ పట్టుకుని “అప్పేదీ బావా?” అన్నాడు. నన్ను బావా అన్నాడు. నా జన్మలో అంత పొంగిపోయింది లేదు, దాచుకోవడం దేనికి. విజయనగరం వియ్యంకుడు పొద్దున్నుంచీ ముభావంగా ఉన్నవాడు, పరుగున వచ్చి నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. కెమెరా కుర్రాడొకడు మా ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ అంతా తీస్తున్నాడు.

గది గుమ్మం దాకా వచ్చాం. ధర్మేంద్ర గంపని చూసి నవ్వాడు. తరవాత గంప పట్టుకున్న మనిషిని చూసి ఆగాడు. నా వైపు తిరిగాడు.

“బావా, అప్పకి తమ్ముడెవరైనా ఉన్నాడేటి? ఉంటే ముందు ఆయన సెయ్యెయ్యాల. తరవాత నాను.”

ఇదిగో వీడే అంటే సరిపోయేది. గంగులు చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో ఉన్నాడు. కానీ ఉన్నాడంటే వీడు పక్కకి తప్పుకుంటాడేమో, కెమెరా అటు తిరిగిపోతుందేమో, వియ్యంకుడి చెయ్యి నా భుజం మీంచి దిగిపోతుందేమో అనిపించింది. ఇంత ఆలోచన నాకు రెప్పపాటులో వచ్చింది. పొలం పనిలో ఎప్పుడూ ఇంత చురుగ్గా ఆలోచించలేదు.

“లేడు బాబూ. ఎవరూ లేరు. నువ్వే,” అన్నాను.

అని, గంగులు చేతిలోంచి గంప తీసుకున్నాను. ఇలా ఇయ్యి అన్నాను, మూటలు మోసేవాడితో అన్నట్టు. వాడు ఇచ్చేశాడు. గుంజుకోవాల్సిన పని కూడా పడలేదు.

ధర్మేంద్రా, వాడి కుర్రాళ్ళూ రేఖని మోసుకొచ్చారు. అక్షింతలు వెయ్యాల్సిన చేతులన్నీ ఫోన్లు పట్టుకున్నాయి. జీలకర్రా బెల్లం పెట్టింది ఎవరూ చూడలేదు. వాడు ఒక పాట పాడి, ఈశ్వరి కాళ్ళకి దణ్ణం పెట్టి, విశాఖలో విమానం ఉందని భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. ఈశ్వరి ఏడ్చింది, సంతోషంతో. గంగులు పంక్తుల్లో సాంబారు వడ్డిస్తుంటే చూశాను. తరవాత కనబడలేదు. అప్పగింతలప్పుడు రేఖ మావేడని అడిగితే, పనుండి వెళ్ళాడని చెప్పాను. అప్పటికి అబద్ధం నాకు సులువైపోయింది.

తరవాతి వారంలో ధర్మేంద్ర వాళ్ళు ఆ వీడియో పెట్టారు. దానికి పెట్టిన పేరు ‘మేనమామ లేని పెళ్ళికూతురు’. మొదట్లోనే నా మొహం, నా గొంతు. లేడు బాబూ, ఎవరూ లేరు. ఊళ్ళో ఏ ఫోను చూసినా అదే. రెండు రోజులు నేను మీసం మెలేసుకునే తిరిగాను. కళ్ళు నెత్తికెక్కితే ఇంతే.

ఈశ్వరి వంటింట్లో నిలబడి చూసింది. మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. పెళ్ళిలో ఆవిడ గదిలో ఉంది కదా, గంగులే పెద్దమనసుతో గంప ఇచ్చేశాడని అంతవరకూ అనుకుంది. ఆడు గుమ్మం దగ్గరే ఉన్నాడు కదా అని అడిగింది. ఉన్నాడన్నాను. ఫోను కట్టేసి గూట్లో పెట్టింది. నాకేం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ కేకలేశాను. అసలు వాడికి శుభలేఖ ఎవరిమ్మన్నారు, నెత్తి మీదికి తెచ్చింది నువ్వు కాదా అన్నాను.

“నాను ఒకడ్ని పిలిసినాను. ఉన్నోడ్ని లేడని సెప్పమన్నానా?” అంది.

 ఆ తరవాత వంటింట్లో పాట లేదు. పాట లేకపోతే నాకు హాయిగా ఉండాలి కదా, అన్నం సగంలో వదిలేసి లేచాను.

ఆ వీడియో తీసేయించాలని ధర్మేంద్ర వాళ్ళ నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. ఎవరో ఎత్తారు, చెప్పింది విని పెట్టేశారు. పెద్దోళ్ళు మన మాటెందుకు వింటారు అని నాలో నేను గొణుక్కుంటుండగా సాయంత్రం ధర్మేంద్రే చేశాడు. జరిగింది చెప్పాను. 

“అయ్యో, ఎంత పని సేసినావు బావా. సెప్పుంటే ఇద్దరం కలిసి మోసేవోలం,” అన్నాడు.

నన్ను ఒక్క పరుష మాట అనలేదు. గంగులికి తన దణ్ణాలు చెప్పమన్నాడు. రాత్రికి వీడియో తీసేశాడు, కానీ అప్పటికే అది వందమంది చేతుల్లోకి పోయింది. వాడు మా ఇంటికి ప్రేమతో వచ్చాడో, వీడియో కోసం వచ్చాడో నాకిప్పటికీ తెలియదు. ఈశ్వరి పేరు కూడా వాడికి గుర్తుండి ఉండదు. అయినా అడగాల్సిన మాట వాడు అడిగాడు. డబ్బున్నవాడు మనల్ని మరిచిపోతాడని అంతకాలం నేను ఊదరగొట్టాను. డబ్బు వాడిది, మదం నాకెక్కింది. వాడి పక్కన కాసేపు నిలబడినందుకే నా వాణ్ణి నేను మరిచిపోయాను.

నౌపడ వెళ్దాం రమ్మంటే ఈశ్వరి రానంది. నోరు నీది, కాళ్ళూ నీవే, నువ్వే ఎల్లు అంది. అరిసెలూ చలివిడీ సంచిలో పెట్టి మాత్రం ఇచ్చింది.

నేను వెళ్ళేసరికి దేముడమ్మ అరుగు మీద కూచుని ఉంది. ఎప్పుడెళ్ళినా ముందు చెంబుతో నీళ్ళు తెచ్చే మనిషి, ఆ పూట లేవలేదు. తిట్టనూ లేదు. పక్కింటివాళ్ళు ఫోన్లో చూపించారని చెప్పింది. పెళ్ళి పందిట్లో, మంగళవాయిద్యాలు మోగుతుండగా అన్న మాట ఊరికే పోదంది. తథాస్తు దేవతలు తిరుగుతారంది. ఆ రోజు నుంచీ కొడుకు మడికి వెళితే, తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కూచుంటోందట. ఎండకి కళ్ళు తిరిగి పడ్డాడేమో, పామేదైనా ముట్టుకుందేమోనని ఒకటే గుబులు. ఇంతసేపూ నేను గంగులు మనసు నొచ్చుకుందనే అనుకుంటున్నాను. ఆవిడ కొడుకు ప్రాణం కోసం భయపడుతోంది.

“తప్పయిపోనాది అత్తా,” అన్నాను. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

“తప్పూ ఒప్పూ నాకొద్దు నాయినా. లేడన్న నోటితోనే ఉన్నాడను. ఈదిలోకెల్లి అను,” అంది.

వీధిలోకి దిగాను. మిట్టమధ్యాహ్నం. సంచి చేతిలోనే ఉంది. గంగులు ఉన్నాడు అన్నాను. నా మాట నాకే సరిగా వినబడలేదు.

“ఎవులికి యినబడ్డాది? లేడన్నది లోకమంతా యిన్నాది. ఇది ఈదైనా యినాల కదా.”

గట్టిగా అరిచాను. గంగులు ఉన్నాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటావిడ చేటతో బయటికొచ్చి ఏమైందని అడిగింది. మా అల్లుడు, గంగులు ఉన్నాడని చెబుతున్నాడు అంది దేముడమ్మ, అది రోజూ జరిగే పనే అన్నట్టు. ఉన్నాడని మాకు తెలీదా అని ఆవిడ అడిగితే, మీకు తెలుసు, ఆయనకే తెలీదు అంది. ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. కోపం తెచ్చుకుని అయినా తల ఎత్తేవాణ్ణి.

చాలని ఆవిడ అనలేదు. నేను ఆపలేదు. గొంతు జీర పోయింది. రాజాంలో నలుగురి ముందు కాలరెగరేసిన మనిషిని, నడివీధిలో బతికున్నవాణ్ణి బతికున్నాడని కేకలేస్తున్నాను. భూమి నోరు తెరిస్తే దూరిపోదును.

వీధి మలుపులో గంగులు కనబడ్డాడు. మడి నుంచి వస్తున్నాడు, పిక్కల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. నా కేక విని ఆగాడు. తల్లినీ నన్నూ చూశాడు. వాడి మొహంలోకి చూస్తూ ఇంకోసారి అనాల్సి వచ్చింది. గంగులు ఉన్నాడు. ఏడుపొచ్చి మాట సగంలో తెగింది. దేముడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి, నీళ్ళకి లోపలికి వెళ్ళింది.

వాడు దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. నా చేతిలో సంచి అందుకున్నాడు. “ఎండలో నిలబడ్డారు. లోపలికి రండి,” అన్నాడు.

లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి, తువ్వాలుతో దులిపి నా కోసం వేశాడు. మా పెళ్ళయి ఇన్నేళ్ళలో, రా బావా అనే గంగులు నన్ను రండి అనడం అదే మొదలు.